పక్క కుర్చీ మాట

కిందటి వారం మనం చిన్నకోడలిని అద్దాల గదిలో వదిలేసి వచ్చాం. చెవులకున్న హెడ్‌ఫోన్లు తియ్యడం కూడా మరిచిపోయి కూర్చుంది పాపం. ఇంకా అక్కడే ఉంది. కింద హాలు ఖాళీ అయిపోయింది, కుర్చీలు సర్దేవాళ్లు వచ్చేశారు, అయినా ఆమె చెవుల్లో చప్పట్లు ఆగలేదు.

వారం రోజుల హడావిడిలో కథ మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. పెద్దకోడలు, చిన్నకోడలు ఒకే ఇంటి తోటికోడళ్లు. ఆఫీసులో కూడా అందరూ వాళ్లని అలాగే పిలుస్తారు. పెద్ద పెద్ద సభల్లో వక్త ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, హాలు వెనక అద్దాల గదిలో కూర్చుని, ఆ మాటల వెంటే తెలుగులో చెప్పుకుంటూ పోవడం వాళ్ల పని. ఇన్నాళ్లూ ఇద్దరూ పిలిస్తే వచ్చి చేసి వెళ్లేవాళ్లే. ఇప్పుడు ఆ విభాగంలో ఒక్కటంటే ఒక్క పర్మనెంటు ఉద్యోగం పడింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. పరీక్ష కూడా ఒకే గదిలో, ఒకే ప్రసంగం మీద. మొదటి సగం పెద్దకోడలు చెప్పాలి, రెండో సగం చిన్నకోడలు చెప్పాలి.

ప్రసంగం ఒకప్పుడు పరుగు పందేల్లో పేరు మోసినావిడది. తను చెయ్యి పట్టుకుని నేర్పించిన కుర్రపిల్ల చివరికి తననే ఎలా దాటిపోయిందో చెబుతోంది. పెద్దకోడలు చక్కగా చెప్పుకుంటూ వచ్చి, ఒకచోట ఇలా అంది: "ఆ అమ్మాయి నన్ను దాటిపోతుంటే, దాని కాలు బెణికితే బాగుండునని మనసులో కోరుకున్నాను." తెలుగులో వింటున్నవాళ్లందరూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషులో వింటున్నవాళ్లు వీళ్లకేమైందని అటూ ఇటూ చూశారు. వేదిక మీద ఆవిడ కూడా బిత్తరపోయి, గుక్కెడు మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టింది.

ఎందుకంటే ఆవిడ ఆ మాట అనలేదు.

ఈ వృత్తిలో ఒక వింత ఉంది. వక్త "నేను" అంటే అద్దాల గదిలో మనిషి కూడా "నేను" అనాలి. మంత్రిగారు మాట్లాడితే తను మంత్రి, దొంగ మాట్లాడితే తను దొంగ. సొంత నేనుని మెట్ల దగ్గరే వదిలిపెట్టి పైకెక్కాలి. పెద్దకోడలు ఇన్నేళ్లలో ఏనాడూ తప్పని నియమం అది. అందుకే వినేవాళ్లెవరికీ అనుమానం రాలేదు. ఒక చెవికి ఇంగ్లీషు, ఒక చెవికి తెలుగు పెట్టుకుని పక్కనే కూర్చున్న చిన్నకోడలికి తప్ప.

గోడకున్న చిన్న స్పీకరు గరగరమంది. తూకం మాస్టారి గొంతు. ఆ విభాగానికి పెద్ద ఆయనే. ప్రతి మాటనీ బంగారం తూచినట్టు తూస్తాడని కుర్రకారు పెట్టిన పేరు. ఆయన ముందు అనేంత ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"అమ్మా, ఒకసారి నా గదికి రా. పక్క కుర్చీ మాట కావాలి."

చిన్నకోడలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అద్దాల గదిలో ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకరు మాట్లాడుతుంటే పక్క కుర్చీలో మనిషి ఊరికే కూర్చోకూడదు. కష్టమైన మాట వస్తే కాగితం మీద తెలుగు రాసి ముందుకు జరపాలి. మాట్లాడే మనిషి పక్కింటి శత్రువైనా సరే, రాయాలి. అలాగే లోపల ఏదైనా తేడా జరిగితే టేపులు తెప్పించడం, కమిటీలు వెయ్యడం ఉండవు. పక్క కుర్చీ ఏం చెబితే అదే సాక్ష్యం. మాస్టారు పెట్టిన ఆనవాయితీ అది. ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం లేకపోతే ఆ గదిలో కూర్చోవడమే దండగని ఆయన వాదన. పరీక్ష రోజున ఆయన తెలుగు మాత్రమే వింటాడు. ఇంగ్లీషు వింటే చెవి అటు మొగ్గుతుందట.

కాబట్టి అక్క ఉద్యోగం, తన ఉద్యోగం ఇప్పుడు తన నాలుక మీదున్నాయి.

మాస్టారి గదికి వెళ్లే దారిలోనే టీ గది. చిన్నకోడలి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. లోపల పెద్దకోడలు సింకు దగ్గర నిలబడి, హెడ్‌ఫోన్ల మెత్తటి తొడుగులు ఊడదీసి సబ్బునీళ్లలో పిండుతోంది. ఆ పని చెయ్యడానికి వేరే మనిషి ఉన్నాడు. మనసు బాగోలేనప్పుడు మాత్రం ఆవిడే చేస్తుంది. ఇంట్లోనూ అంతే. పెద్దకోడలు తోమిన గిన్నెలే మళ్లీ తోముతోందంటే అత్తగారు కూడా వంటింటి వైపు వెళ్లదు.

"ఆ మాట ఆవిడ అనలేదు అక్కా."

"తెలుసు."

"మరి?"

"నోరు జారింది."

"నోరు జారితే ఒక ముక్క జారుతుంది. అంత పొడుగు మాట జారుతుందా?"

పెద్దకోడలు కుళాయి కట్టేసింది. వెనక్కి తిరగలేదు. "నాదే. సరేనా? నీ గురించే. ఇప్పుడు కడుపు చల్లబడిందా?"

చిన్నకోడలు ఊహించిన జవాబే. అయినా ఊహించడం వేరు, వినడం వేరు.

"నా కాలు బెణకాలనుకున్నావా?"

"నీకు కాలుతో పనేంటే? గొంతు. గొంతు పోవాలనుకున్నా. నాలుగు రోజులు జలుబు చేసినా చాలనుకున్నా. చచ్చిపోవాలనేం అనుకోలేదులే, అంత కంగారు పడకు."

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. పెద్దకోడలు ఎప్పుడూ అంతే. అత్తింట్లో కాలు పెట్టిన కొత్తలో, దిక్కులు చూస్తూ కూర్చున్న చిన్నకోడలిని వంటింట్లోకి లాక్కెళ్లి, రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టి, "వాడు చెప్పేది ఒక్క అడుగు వెనకే నువ్వూ తెలుగులో చెప్పు, గిన్నెలు మాత్రం ఆపకు" అని పని నేర్పింది ఆవిడే. ఇద్దరు కోడళ్లూ రేడియోతో పోటీపడి మాట్లాడుతుంటే అత్తగారు హడలిపోయి, పెద్దకొడుకుని పక్కకి పిలిచి, "వీళ్లిద్దరినీ ఎవరికైనా చూపిద్దామట్రా?" అని అడిగింది. ఆ కథ ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటారు.

అప్పట్లో వాళ్లకో ఆట ఉండేది. ఆటల వార్తలు వచ్చినప్పుడల్లా గెలుపు మాటలు ఏరుకునేవాళ్లు. ఇంగ్లీషువాడు ఊరికే గెలిచాడని ఊరుకోడు కదా, ఎంత గెలిచాడో, ఎలా గెలిచాడో కూడా ఆ ఒక్క మాటలోనే చెప్పేస్తాడు. పెద్దకోడలు ఒక మాట విసిరేది, చిన్నకోడలు ఊపిరి తీసుకునేలోగా తెలుగు చెప్పాలి. థ్రాష్ అంటే ఉతికి ఆరెయ్యడం. ట్రౌన్స్ అంటే మట్టికరిపించడం. ఎడ్జ్ అవుట్ అంటే వెంట్రుకవాసిలో గట్టెక్కడం. అవుట్‌విట్ అంటే బోల్తా కొట్టించడం. ఎక్లిప్స్ దగ్గర కాసేపు తగువు పడి, చివరికి ఎదుటివాణ్ణి మరుగున పడెయ్యడం అని ఒప్పుకున్నారు. సర్పాస్ దగ్గర మాత్రం ఏనాడూ రాజీ కుదరలేదు. మించిపోవడం అంటుంది అక్క. దాటిపోవడం అంటుంది చెల్లెలు.

"ఎప్పట్నించి?" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు తొడుగులు ఒక్కొక్కటే తువ్వాలు మీద ఆరబెట్టింది. "ఆ డాక్టర్ల సభ గుర్తుందా? మర్నాడు మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు. నేనే ఎత్తా. 'నిన్న రెండో సగం ఎంత బాగా చెప్పావమ్మా! ఇన్నేళ్లలో నువ్వింత బాగా చెప్పగా వినలేదు' అన్నారు. రెండో సగం నాది కాదుగా, నీది."

"నాది అని చెప్పకపోయావా?"

"నోరు రాలేదు. థ్యాంక్సండీ అని పెట్టేశా. ఆయన్ని అని లాభం లేదు. నా దగ్గర నేర్చుకున్న గొంతు నాలాగే ఉంటుంది. నాలాగే ఉండి, నాకంటే బాగుంది. అంత చెవి ఉన్న మనిషి పొరబడ్డాడంటే ఇక ఒప్పుకోక చస్తానా?"

"నాతో ఒక్కసారైనా అనలేదే."

"ఏమనను? 'నన్ను దాటేశావే, రా, పండగ చేసుకుందాం' అననా?"

"అక్కా, నేను నిన్ను ఓడించాలని ఎప్పుడూ అనుకోలేదు."

"అదే కదే నా ఏడుపు!" పెద్దకోడలు ఈసారి తిరిగి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ తడి లేదు. "ఓడించాలని వచ్చుంటే జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. నువ్వు నన్ను పడగొట్టలేదు, బోల్తా కొట్టించలేదు. నీ దారిన నువ్వు వెళ్లావంతే. నేనేమో ఉన్నచోటే ఉన్నా. ఎన్ని మాటలు నేర్చుకున్నామే మనం, గెలిచినవాళ్ల కోసం! అన్నీ గెలిచినవాడు చేసిన పనులే. ఎవరూ ఓడించకుండానే వెనకబడిపోయినదానికి ఒక్క మాట చెప్పు చూద్దాం. మన భాషలోనైనా సరే."

చిన్నకోడలు వెతికింది. ఆ ఆటలో జవాబు దొరక్కపోవడం ఆమెకు అదే మొదటిసారి.

"ఇంకోటి కూడా విను. ఇవాళ ఆవిడ సర్పాస్ అనగానే నాకు రాసిచ్చావు చూడు, 'దాటిపోయింది' అని. అంతంత అక్షరాలు! నా కళ్లు బాగానే ఉన్నాయిగా?"

చిన్నకోడలి చెవులు వేడెక్కాయి. సాయం చెయ్యడానికే రాసింది. అది నిజం. కానీ చిన్నగా రాస్తే సరిపోయేదానికి అంత పెద్దగా ఎందుకు రాసిందో, అక్క నోరు తెరవకముందే కాగితం ఎందుకు జరిపిందో ఇప్పుడు తనకే తెలిసొచ్చింది. ఇదిగో నీకు దొరకని మాట, నా దగ్గరుంది అని చూపించడంలో కాస్త హాయి ఉంది. ఆ హాయిని సాయం అని పిలుచుకుంది.

"నా నోట్లో మించిపోయింది అనే ఉంది. తప్పేం కాదు. కానీ పరుగు పందెం కదా, నీదే బాగుంది. నీ మాటే చెప్పా. చెప్పాక నా నోరు ఇక నా మాట వినలేదు."

బయట వరండాలో ఎవరో నిచ్చెన ఈడ్చుకుపోతున్నారు.

"మాస్టారు పక్క కుర్చీ మాట అడుగుతున్నారు."

"అడుగుతారు మరి."

"ఏం చెప్పమంటావు?"

"నన్నడుగుతావేంటి? అక్కడ కూర్చుంది నువ్వు, విన్నది నువ్వు."

"ఆ మాట ప్రసంగంలో ఉందని చెబితే..."

"ఉందని చెప్పి నన్ను మొయ్యకు." పెద్దకోడలు గొంతు పెంచలేదు. "రేపట్నించి కూడా పొద్దున లేస్తే ఒకే వంటింట్లో నీ మొహం చూడాలి నేను. నువ్వు జాలిపడి ఇచ్చిన కుర్చీలో కూర్చుని చూడలేను. వెళ్లు. ఆయన్ని కాచుకునేలా చెయ్యకు."

చిన్నకోడలు వెళ్లింది. వరండా చిన్నదే అయినా ఆ రోజు ఎంతకీ తరగలేదు. ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. మామూలుగా కాదు, కడుపులో ఆకలిలా కావాలి. పుట్టింట్లో ఫలానావారి అమ్మాయి, అత్తింట్లో చిన్నకోడలు, ఇక్కడికొస్తే కూడా చిన్నకోడలే. తనకంటూ ఒక కుర్చీ ఉండాలని ఎన్నిసార్లు అనుకుందో. నిజం చెబితే ఆ కుర్చీ వస్తుంది. కానీ ఆ గెలుపుకి ఏ మాట వాడాలో తెలియలేదు. అబద్ధం చెబితే అక్కకి వస్తుంది, అక్క దాన్ని ఎప్పటికీ క్షమించదు. చివరికి ఆమెను గదిలోకి నడిపించింది ధైర్యం కాదు, అక్క వెళ్లమన్న మాట.

తూకం మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమని చెయ్యి చూపించి, తనూ కూర్చున్నాడు. డొంకతిరుగుడు ఆయనకు చేతకాదు.

"కాలు బెణికితే బాగుండునన్న మాట. ప్రసంగంలో ఉందామ్మా?"

"లేదండీ."

అంతే. ఒక్క మాట. నోట్లోంచి వచ్చేసరికి నాలుక మీద చేదు మిగిలింది. ఇన్నేళ్లుగా నేర్చుకున్న మాటల్లో ఎదుటి మనిషిని పడగొట్టేవి ఎన్నో ఉన్నాయి, కానీ ఇంత చిన్నమాటతో ఆ పని అవుతుందని ఆమె అనుకోలేదు.

మాస్టారు తలూపాడు. సంతోషమూ లేదు, కోపమూ లేదు. కలం తీసుకుని ఏదో రాయబోతుండగా తలుపు చప్పుడైంది. వచ్చింది ఎవరో కాదు, ఆ పరుగులావిడే. వేదిక మీద కంటే దగ్గరగా చూస్తే పెద్ద వయసులా ఉంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది.

"హాలు బయట జనం నా చేతులు పట్టుకుని ఏడ్చారు. నేను అనని మాటకి. నేనూ అలాగే కోరుకున్నానండీ అని ఒకరు, మా తమ్ముడి విషయంలో నేనూ అంతేనని ఇంకొకరు. అడగ్గా అడగ్గా తెలిసింది, తెలుగులో నేనేమన్నానో. గట్టిగా కోప్పడదామనే మెట్లెక్కాను."

"తప్పు మాదేనండీ" అన్నాడు మాస్టారు.

"ఆగండి. ఎక్కుతుంటే కోపం పోయింది. ఎందుకంటే అది నిజం. ఆ పిల్ల నన్ను దాటుతుంటే సరిగ్గా అదే కోరుకున్నాను. కట్టుకున్నవాడితో కూడా చెప్పలేదు. మీ అద్దాల గదిలో ఉన్నావిడకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆవిడ మీద ఫిర్యాదేమీ లేదు." ఆవిడ ఆగింది. "నాకు అంతుపట్టనిది రెండో మాట."

"రెండో మాటా?" అన్నాడు మాస్టారు.

"చివర్లో అన్నానట. 'ఇంత జరిగినా ఆ అమ్మాయి ఈ రోజుకీ నా చెల్లెలే' అని. ఒక పెద్దాయన అదే మళ్లీ మళ్లీ చెప్పి నా తల నిమిరి వెళ్లాడు. నేననలేదు. అనలేను కూడా. ఆ పందెం తర్వాత ఇంతవరకూ ఆ పిల్లతో మాట్లాడలేదు నేను. మొదటిది నేను అనకపోయినా నిజం. రెండోది నిజమైతే ఎంత బాగుండేదో."

చిన్నకోడలు మనసులో లెక్క చూసుకుంది. చివర అంటే రెండో సగం. రెండో సగం అంటే తను.

ఆ మాట తను చెప్పింది. బాగా గుర్తుంది. అప్పటికింకా అక్క అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఒకచోట మనసు అటు పోయి, ఇంగ్లీషు చెవి పక్కనుంచి వెళ్లిపోయింది. గొంతు ఆగిపోబోతుంటే, పక్క కుర్చీ నుంచి కాగితం ముందుకు జరిగింది. అక్క రాత, సన్నగా, పొందికగా. చూసింది, చదివేసింది. ఆవిడ అన్నదో లేదో అని ఒక్క క్షణం కూడా సందేహించలేదు. అక్క రాసింది కదా.

ఎందుకు రాసింది? తడబడుతున్న తనని పూర్తిగా పడగొట్టడానికి అడ్డం పెట్టిన కాలా అది? లేక ఎదురుగా చెప్పుకోలేక, కాగితం మీద పెట్టి తన నోటితోనే అనిపించుకున్న మాటా? టీ గదిలో అంత చెప్పిన మనిషి దీని సంగతి ఎందుకు ఎత్తలేదు?

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముఖంలో ఇప్పుడు ఏదో మారింది.

"మీ అక్క నీకంటే ముందే వచ్చి తన పక్క కుర్చీ మాట చెప్పి వెళ్లిందమ్మా. నీ సగంలో ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు, తనకంటే నువ్వే బాగా చెప్పావని. నేను నమ్మాను."

చిన్నకోడలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అంటే, తను టీ గదిలోకి అడుగుపెట్టేసరికే అక్క ఆ మాట చెప్పేసి వచ్చింది. అంత మాట చెప్పి కూడా తన కోసం ఏమీ అడగలేదు. 'విన్నది నువ్వు' అని పంపించింది. తనేమో వచ్చి లేదండీ అని చెప్పింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఈ విభాగంలో ఇంతవరకూ పక్క కుర్చీ అబద్ధం చెప్పలేదు" అన్నాడు మాస్టారు మెల్లగా. "అబద్ధమని తేలితే మనిషి మళ్లీ ఆ గది మెట్లు ఎక్కకూడదు. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఆ 'నా చెల్లెలే' అన్న మాట నీకెలా వచ్చింది?"

పరుగులావిడ కూడా ఆమె వైపే చూస్తోంది. కాగితం సంగతి చెబితే అక్క పని అయిపోయినట్టే, ఈ ఉద్యోగమే కాదు, ఇన్నేళ్ల పని మొత్తం. చెప్పకపోతే తనది పోతుంది. ఇందాక వరండాలో అంతసేపు తేలని లెక్క ఈసారి చిటికెలో తేలిపోయింది.

"నాదేనండీ ఆ మాట" అంది చిన్నకోడలు. "ప్రసంగంలో లేదు. నాకే అనాలనిపించి అనేశాను. అక్క అప్పుడు హెడ్‌ఫోను తీసేసి ఉంది. వినలేదు."

"అబద్ధం" అన్న గొంతు వినిపించింది తలుపు దగ్గర. పెద్దకోడలు నిలబడి ఉంది, చేతులింకా తడిగానే ఉన్నాయి. "ఆ కాగితం నా దగ్గరుంది మాస్టారూ. కానీ అది చూసే ముందు, దాని వెనక వైపు ఏం రాశానో ఈ పిల్లని ఒక్కసారి చదవనివ్వండి."